రెండోసారి చూడాల్సిన నవ్వు



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి ఈసారి నన్ను పిలిచిన ఫిలిం సొసైటీ మిత్రులకు కృతజ్ఞతలు. మాస్టారికి హాస్యమంటే ప్రాణం. ఆ హాస్యం వెనకాల ఒక ఆలోచన కూడా ఉందంటే మరీను. ఆయన ఏరికోరి తెప్పించి మనకి చూపించిన సినిమాల్లో చాలావాటికి సొంత దేశంలోనే జనం రాలేదు. ఆట అయ్యాక ఆయన అడిగే ప్రశ్న కూడా అదే: ఇంత మంచి సినిమాకి జనం ఎందుకు రాలేదు? "జనానికి అర్థం కాలేదండీ" అని మాలో ఎవరైనా అంటే ఆయన ఊరుకునేవారు కాదు. ప్రేక్షకుణ్ణి తిట్టి తప్పించుకోవడం విమర్శ కాదనేవారు. ఈ సాయంత్రం ఆ ప్రశ్ననే పట్టుకుని, నాకు తోచిన జవాబు మీ ముందు పెడతాను.

ఏ సినిమాల గురించి మాట్లాడుతున్నానో ముందు చెప్పాలి. నవ్వించడానికే తీసిన సినిమాలు కావివి. అలాగని నవ్వు లేకుండా నిలబడేవీ కావు. మనిషి ఎందుకు బతుకుతున్నాడు, రేపు అనేది రాకపోతే ఏం చేస్తాడు, మనం తలుపు అనుకుంటున్నది నిజంగా తలుపేనా - ఇలాంటి ప్రశ్నలు వేస్తాయి. వేసే తీరు మాత్రం తిక్కగా ఉంటుంది. ఈ బాపతు సినిమాల్లో కొన్ని బ్రహ్మాండంగా ఆడాయి. కొన్ని తీసినవాణ్ణి నిలువునా ముంచాయి. తేడా ఎక్కడుంది?

అన్నిటికంటే ఎక్కువ ముంచిన సినిమాతో మొదలుపెడతాను. 1967 డిసెంబరులో పారిస్‌లో 'ప్లేటైమ్' విడుదలైంది. తీసినవాడు జాక్ తాతి. అప్పటికే పెద్ద పేరున్నవాడు. పొడుగాటి మనిషి, చీలమండలు కనిపించే పొట్టి ప్యాంటు, నోట్లో పైపు, చేతిలో గొడుగు, ముందుకి వాలిపోతున్నట్టుండే నడక. ముస్యూ యూలో అనే ఆ పాత్ర 1953లో వచ్చిన 'ముస్యూ యూలో సెలవులు'తో జనం నోళ్ళలో నానింది. 1958లో వచ్చిన 'మోన్ ఓంక్ల్' విదేశీ చిత్రాల విభాగంలో ఆస్కార్ తెచ్చింది. అలాంటివాడు తరవాతి సినిమాకి తొమ్మిదేళ్ళు తీసుకున్నాడు.

పారిస్ శివార్లలో ఒక ఊరే కట్టించాడు. ఉక్కు, గాజు, కాంక్రీటు మేడలు, తారు రోడ్లు, ట్రాఫిక్ లైట్లు, సొంత విద్యుత్ కేంద్రం. దానికి 'తాతివిల్' అని పేరు పడింది. కొన్ని మేడల్ని కెమెరాకి కావలసినట్టు అటూ ఇటూ జరపడానికి ఏర్పాట్లుండేవి. దూరంగా నిలబడ్డ జనంలో కొందరు మనుషులే కాదు, నిలువెత్తు ఫొటోలు కత్తిరించి నిలబెట్టినవి. గాలివానకి సెట్టు దెబ్బతింది. డబ్బు నడుమలోనే అయిపోయింది. అప్పు మీద అప్పు తెచ్చాడు. తీసింది 70 ఎం.ఎం.లో. మన తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా 'సింహాసనం' 1986లో వచ్చిందని గుర్తుచేసుకుంటే, అంత పెద్ద తెరని అతను దేనికి వాడాడో చూసి ఆశ్చర్యం కలుగుతుంది. యుద్ధాలకి కాదు, ఏనుగులకి కాదు. ఆఫీసులో కుర్చీ మీద కూర్చుంటే దిండు చేసే చప్పుడుకి, హోటల్లో వడ్డించే వాళ్ళ హడావుడికి.

కథ అంటూ పెద్దగా లేదు. అమెరికా నుంచి పర్యాటకుల గుంపొకటి పారిస్‌లో దిగుతుంది. యూలో ఒక ఆఫీసులో ఎవరినో కలవడానికి వస్తాడు, కలవలేకపోతాడు. రాత్రికి అందరూ అప్పుడే తెరిచిన ఒక రెస్టారెంటుకి చేరతారు. తెల్లారుతుంది. అంతే.

మొదటి దృశ్యమే తీసుకోండి. పొడుగాటి నున్నటి వరండా. ఇద్దరు క్రైస్తవ సన్యాసినులు నడిచి వెళ్తారు. ఒక మూల భార్యాభర్తలు గుసగుసగా మాట్లాడుకుంటుంటారు. తెల్లబట్టల్లో ఒకామె చేతుల్లో ఏదో పొదివి పట్టుకుని పోతుంది. ఆస్పత్రి అనుకుంటాం. కాసేపయ్యాక తెలుస్తుంది, అది విమానాశ్రయం. తాతి ఎక్కడా దగ్గరికి తీసుకెళ్ళి చూపించడు. తెర నిండా పదిమంది పది పనులు చేస్తుంటారు, ఎవరిని చూడాలో చెప్పడు. ప్రేక్షకుడు ఎడమవైపు చూస్తుంటే అసలు తమాషా కుడివైపు జరిగిపోతుంది.

ఆ రెస్టారెంటు ఘట్టం ఇంచుమించు ముప్పావుగంట ఉంటుంది. అందులో ఒక్క ముక్క దగ్గరగా చూద్దాం. యూలో తగలడంతో వాకిట్లో ఉన్న గాజు తలుపు భళ్ళున పగిలిపోతుంది. కాపలావాడి చేతిలో పెద్ద గుండ్రటి ఇత్తడి పిడి ఒక్కటే మిగులుతుంది. వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. అతనేం చేస్తాడు? ఆ పిడిని తలుపుండాల్సిన ఎత్తులో పట్టుకుని, అతిథి రాగానే తీస్తున్నట్టు లాగుతాడు, లోపలికెళ్ళాక మూస్తున్నట్టు నెడతాడు. అతిథులు ఆ లేని తలుపులోంచి దర్జాగా లోపలికి వెళ్తారు. తలుపు లేదని ఒక్కరికీ తట్టదు. పక్కనించి నడిచి వెళ్ళొచ్చని కూడా తట్టదు.

మర్యాద అనేది వస్తువులో ఉందా, దాన్ని పాటించే మనుషుల్లో ఉందా అని తత్వశాస్త్రం పుస్తకంలో ఓ అధ్యాయం రాసే సంగతిని తాతి ఒక ఇత్తడి పిడితో చెప్పాడు. మాట లేదు, సంగీతంతో సూచన లేదు, ఎవరూ తెల్లబోయి చూసే దగ్గరి షాటు లేదు. ఇది నవ్వాల్సిన చోటని గుర్తు పెట్టి చూపించలేదు. అక్కడే ఇంకో బల్ల దగ్గర ఒక చేప ఉంటుంది. ఒక సర్వరు వచ్చి దాని మీద సాసు పోసి మసాలా చల్లి వెళ్తాడు. ఇంకొకడు వచ్చి మళ్ళీ అదే పని చేస్తాడు. ఆ చేప తెమ్మన్నవాళ్ళు ఈలోగా వేరే బల్లకి మారిపోయారు. మొదటిసారి చూసినప్పుడు ఈ చేప కథ సగంమందికి కళ్ళబడదు. వాళ్ళ కళ్ళు ఆ సమయంలో ఇంకెక్కడో ఉంటాయి.

నోయెల్ బర్చ్ అనే విమర్శకుడు ఈ సినిమా గురించి ఒక మంచి సంగతి గమనించాడు: దీన్ని చాలాసార్లు చూడటమే కాదు, తెరకి వేరువేరు దూరాల్లో కూర్చుని చూడాలి అని. నా ఉద్దేశంలో ఈ సినిమా గొప్పదనం, ఈ సినిమా పతనం రెండూ ఆ పరిశీలనలోనే ఉన్నాయి. టికెట్టు కొన్నవాడు ఒకసారికి కొంటాడు. ఒక వరసలో కూర్చుంటాడు.

దీనికి తోడు జనం వచ్చింది యూలో కోసం. తాతికేమో హీరో అనే భావన మీదే విరక్తి పుట్టింది. తెర మీద ఉన్న అందరూ సమానమే, నవ్వు ఎవరి దగ్గరైనా పుట్టొచ్చు అన్నది అతని పట్టుదల. అందుకని యూలోని గుంపులో ఒకడిగా దూరంగా ఉంచాడు. పైగా యూలోలా టోపీ, కోటు వేసుకున్న మనుషుల్ని అక్కడక్కడా తిప్పాడు. వెనకనుంచి చూసి యూలో అనుకుంటాం, తల తిప్పితే ఇంకెవరో. హీరో సినిమాకి వెళ్ళి హీరో ఎక్కడున్నాడా అని తెరంతా వెతుక్కోవడం ఎలా ఉంటుందో మన తెలుగు ప్రేక్షకులకి నేను వివరించక్కర్లేదు.

తరవాత జరిగింది బాధాకరం. 70 ఎం.ఎం. సౌకర్యం ఉన్న హాళ్ళలోనే ఆడాలని తాతి పట్టుబట్టాడు. అలాంటి హాళ్ళు కొన్నే. మొదట రెండున్నర గంటలున్న సినిమాని జనం కోసం తనే కోస్తూ వచ్చాడు, చివరికి రెండు గంటలకి తెచ్చాడు. కోత వల్ల కొత్త ప్రేక్షకులు రాలేదు. అమెరికాలో అది విడుదలయ్యేసరికి 1973 వచ్చింది. అతని కంపెనీ దివాలా తీసింది, ఇల్లు పోయింది, ముందు తీసిన సినిమాల హక్కులు కూడా అప్పుల్లో చిక్కుకున్నాయి. సెట్టుని సినిమా విద్యార్థుల కోసం ఉంచమని అడిగితే అదీ కుదరలేదు, పడగొట్టేశారు. 1982లో పోయేదాకా మళ్ళీ ఆ స్థాయిలో సినిమా తీసే అవకాశం అతనికి రాలేదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఎవరి మీద అంటే మాత్రం చెప్పలేను. ఆ ప్రేక్షకుల మీద కాదు.

ఇప్పుడు ఆడిన సినిమా ఒకటి చూద్దాం. 1993 ఫిబ్రవరిలో అమెరికాలో వచ్చిన 'గ్రౌండ్‌హాగ్ డే'. దర్శకుడు హెరాల్డ్ రామిస్, హీరో బిల్ మర్రీ. టీవీలో వాతావరణం చెప్పే ఒక గర్విష్ఠి, పంక్సటానీ అనే చిన్న ఊరికి ఇష్టం లేకుండా వెళ్ళి, అక్కడ ఫిబ్రవరి 2వ తేదీలో ఇరుక్కుపోతాడు. పొద్దున్నే లేస్తే మళ్ళీ అదే రోజు. చచ్చిపోయినా మళ్ళీ అదే రోజు. పునర్జన్మ, కర్మ, సాధన - ఎవరికి ఏం కావాలంటే అది అందులో దొరుకుతుంది. బౌద్ధులు, యూదులు, క్రైస్తవ గురువులు ఎవరికి వారు ఇది మా సిద్ధాంతమే అంటూ రామిస్‌కి రాశారట. అమెరికాలోనే ఇంచుమించు 7 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

ఈ సినిమా స్క్రిప్టు చరిత్ర మన ప్రశ్నకి నేరుగా జవాబు చెబుతుంది. డానీ రూబిన్ మొదట రాసిన స్క్రిప్టులో కథ ఆ చక్రం మధ్యలో మొదలవుతుంది. హీరోకి అంతా ముందే తెలుసు, ఎందుకు తెలుసో మనకి తెలియదు. ఆలోచనగా చాలా గొప్పది. కానీ రామిస్ దాన్ని మార్చి, మామూలు రోజుతో మొదలుపెట్టి, ఆ రోజు మొదటిసారి తిరిగి రావడం మన కళ్ళముందే చూపించాడు. దాంతో మనకి నిలబడటానికి నేల దొరికింది. నియమం ఏమిటో తెలిసింది. తెలిశాక ఎంత దూరమైనా వెంట వెళ్తాం. ఇదంతా ఎందుకు జరుగుతోందో చెప్పడానికి ఒక శాపం కథ పెడదామన్న ప్రతిపాదన కూడా వచ్చింది, పోయింది. చూడండి, కారణం చెప్పకపోయినా ప్రేక్షకుడు ఏమీ అనుకోలేదు. నియమం చెప్పకపోతే మాత్రం ఊరుకోడు. షూటింగులో మర్రీకి తత్వం ఎక్కువ కావాలి, రామిస్‌కి హాస్యం ఎక్కువ కావాలి. ఆ గొడవతో వాళ్ళిద్దరి స్నేహం ఏళ్ళ తరబడి తెగిపోయింది. సినిమాకి మాత్రం ఆ గుంజులాట మేలే చేసిందని నా నమ్మకం.

ఇంకా పెద్ద సంగతి ఒకటుంది. 'ప్లేటైమ్'కి రెండోసారి రమ్మని ప్రేక్షకుణ్ణి పిలవాలి. 'గ్రౌండ్‌హాగ్ డే'లో ఆ రెండోసారి సినిమా లోపలే ఉంది. అదే రేడియో పాట, అదే మెట్ల దగ్గర అదే మనిషి, రోడ్డు మీద అదే నీళ్ళ గుంట. మొదటిసారి చూసినప్పుడు పట్టించుకోని ప్రతి చిన్న వస్తువునీ ఆ సినిమా మనకి మళ్ళీ మళ్ళీ చూపించి, అందులో ఏముందో మనమే కనిపెట్టేలా చేస్తుంది. ఒక్క టికెట్టుతో పదిసార్లు చూసిన అనుభవం. తాత్విక హాస్యానికి కావలసింది సరిగ్గా అదే. వస్తువుని మొదటిసారి చూసినప్పుడు దాని తమాషా తెలియదు. అది మామూలుగా ఎలా ఉంటుందో తెలిశాకే తలకిందులైనప్పుడు నవ్వొస్తుంది.

మూడో సినిమా పేరు వినని వాళ్ళు ఈ సభలో చాలామంది ఉంటారు. 2004లో డేవిడ్ ఓ. రసెల్ తీసిన 'ఐ హార్ట్ హకబీస్'. తారలకి లోటు లేదు: డస్టిన్ హాఫ్‌మన్, లిలీ టామ్లిన్, ఇజబెల్ ఉపేర్, మార్క్ వాల్‌బర్గ్. అస్తిత్వ డిటెక్టివులు అని ఒక జంట ఉంటుంది. ఎవరైనా వెళ్ళి "నా బతుకులో ఈ కాకతాళీయాలకి అర్థమేమిటి" అని అడిగితే వాళ్ళు ఆ మనిషిని రాత్రింబవళ్ళు వెంటాడి కనిపెట్టి చెబుతారు. హాఫ్‌మన్ ఒక తెల్లటి దుప్పటి పట్టుకుని, ఇది విశ్వమంతా అనుకో, ఇదిగో ఈ మడత నేను, ఆ మడత నువ్వు, అన్నీ ఒకే గుడ్డ అని చెబుతాడు. మన ఊళ్ళో హరికథ విన్న ఏ ముసలమ్మకైనా తెలిసిన అద్వైతమే. ఇటు ఉపేర్ పాత్ర అంతా శూన్యం, అంతా అసంబద్ధం అంటుంది. ఆ ఇద్దరి మధ్యా, డిటెక్టివుల దగ్గరికి వచ్చిన కుర్రాడు నలుగుతాడు.

సుమారు 2 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే, ప్రపంచమంతా కలిపి వసూలైంది కూడా ఇంచుమించు అంతే. హాళ్ళ వాటా, ప్రచారం ఖర్చు తీసేస్తే నష్టమన్నమాట.

నాకు ఈ సినిమా చాలా ఇష్టం. అందుకే ఎందుకు తప్పిందో చెప్పాలనిపిస్తుంది. దుప్పటి దృశ్యంలో దర్శకుడు ఆ తత్వాన్ని నమ్ముతున్నాడా, ఆటపట్టిస్తున్నాడా అని ప్రేక్షకుడికి తెలియదు. నిజానికి రెండూ చేస్తున్నాడు. కానీ హాల్లో కూర్చున్న మనిషి పక్కవాడి వైపు చూస్తాడు, వాడు నవ్వడం లేదు, ఇతనూ ఆగుతాడు. నవ్వాలా వినాలా అన్న ఆ సందేహంలో ఒక్క క్షణం పోయిందా, నవ్వు కూడా పోయినట్టే. పైగా తత్వమంతా మాటల్లో ఉంది, ఆ మాటలు పరుగెడతాయి. అర్థం చేసుకునే పనిలో పడ్డవాడికి నవ్వే తీరిక ఉండదు.

అదే సినిమాలో మాటలు ఆగిపోయిన చోట చూడండి. ఆలోచన ఆపడానికి ఇద్దరు స్నేహితులు ఒక పెద్ద రబ్బరు బంతితో ఒకరి మొహం మీద ఒకరు కొట్టుకుంటారు. దెబ్బ తగిలిన ఆ క్షణంలో మనసు ఖాళీ అవుతుంది. మొహం వెలుగుతుంది. కాసేపటికి మళ్ళీ ఆలోచన వచ్చేస్తుంది, మళ్ళీ కొట్టమంటాడు. ధ్యానం గురించి ఇంతకంటే బాగా చూపించిన దృశ్యం నేను చూడలేదు. ఇంకొకటి: వాల్‌బర్గ్ పాత్ర అగ్నిమాపక దళంలో పనిచేస్తాడు. పెట్రోలు మీద కోపంతో ఫైరింజను ఎక్కడు, నిప్పు అంటుకున్న చోటికి సైకిలు తొక్కుకుంటూ వెళ్తాడు. ఇంజను ట్రాఫిక్కులో ఇరుక్కుంటుంది, ఇతను ముందు చేరతాడు. ఈ రెండు చోట్లా ఎవరూ ఏమీ వివరించరు. ఇలాంటివి ఇంకో నాలుగుంటే ఆ సినిమా దారి వేరేగా ఉండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మన వైపు తిరిగి చూస్తే, తాత్విక హాస్యాన్ని తెలుగువాడు ఏనాడూ కాదనలేదు. 1960లో 'దేవాంతకుడు', 1977లో 'యమగోల', 1988లో 'యముడికి మొగుడు', 1994లో 'యమలీల'. చావు ఎవరికి రావాలి, ఎప్పుడు రావాలి, ఆ లెక్క రాసేవాడు తప్పు రాస్తే ఎవరు దిద్దాలి? ఇంతకంటే పెద్ద తాత్విక ప్రశ్న ఏముంటుంది? కానీ ఆ సినిమాలు మొదలయ్యేనాటికే నియమాలన్నీ ప్రేక్షకుడికి కంఠతా వచ్చు. యముడికి పాశం ఉంటుంది, చిత్రగుప్తుడికి చిట్టా ఉంటుంది, ఆయువు తీరకుండా ప్రాణం తీయకూడదు. పురాణం, హరికథ, నాటకం తరతరాలుగా ఆ నేల పరిచి ఉంచాయి. అందుకే కైకాల సత్యనారాయణ యముడిగా గదమాయిస్తే, అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడిగా తడబడితే, ఎక్కడ నవ్వాలో నేల టికెట్టువాడికి క్షణం ఆలస్యం కాలేదు. యమలోకాన్ని వాళ్ళు తెరమీద చూడకముందే మనసులో ఎన్నోసార్లు చూసి ఉన్నారు. అంటే రెండోసారి చూడటం ఇక్కడ ముందే జరిగిపోయింది.

తాతి చూపించిన గాజు నగరానికి అలాంటి పురాణం లేదు. 1967లో ఆ మేడలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. ఆ రోజుల్లో పారిస్ ప్రేక్షకుడికి అవి ఇంకా గొప్పగా, కొత్తగా ఉన్నాయి. వాటిలో దారి తప్పడం ఎంత విసుగో, ఎంత తమాషాయో అనుభవంలోకి రాలేదు. ఈ రోజు హైటెక్ సిటీలో అద్దాల మేడలోకి వెళ్ళి, కార్డు గీస్తే తప్ప తెరుచుకోని తలుపు ముందు బిక్కమొహం వేసుకుని నిలబడ్డ మనిషికి 'ప్లేటైమ్' చూపించండి. అతనికి ఏ విమర్శకుడి సహాయమూ అక్కర్లేదు. గాజుకి అవతల తను కలవాల్సిన మనిషి కనిపిస్తుంటాడు, అక్కడికి దారి మాత్రం దొరకదు. యూలో పడ్డ పాటు అదే.

ఇక వ్యాపారం సంగతి. 1980లో 'శంకరాభరణం' విడుదలైనప్పుడు మొదట్లో హాళ్ళు ఖాళీగా ఉన్నాయన్నది అందరికీ తెలిసిన కథే. పెద్ద హీరో లేడు. కానీ అప్పట్లో ప్రింట్లు తక్కువ, హాళ్ళు తక్కువ. సినిమాని నాలుగు రోజులు ఉంచితే చూసినవాడు ఇంకొకడికి చెప్పే వ్యవధి ఉండేది. అది హాస్యచిత్రం కాదు, ఆ వ్యవధి ఎంత విలువైందో చెప్పడానికి తెచ్చాను. 1983లో కుందన్ షా తీసిన 'జానే భీ దో యారో' విడుదలప్పుడు పెద్ద సందడి చెయ్యలేదు. ఆ తరవాత దూరదర్శన్‌లో పదేపదే వచ్చింది. చివర్లో శవంతో సహా మహాభారత నాటకం వేదిక మీదకి ఎక్కే ఘట్టం జనానికి కంఠస్థమైంది. సినిమా మారలేదు, అదే ప్రింటు. చూసేవాడికి రెండోసారి, మూడోసారి దొరికింది.

ఇవాళ శుక్రవారం మార్నింగ్ షో అవుతుండగానే టాక్ బయటికొస్తుంది. ఆదివారం రాత్రికి జాతకం తేలిపోతుంది. సోమవారం కలెక్షన్ పడిందంటే హాళ్ళు వేరే సినిమాకి పోతాయి. రెండో చూపు కోరే సినిమాకి మొదటి చూపుతోనే తీర్పు చెప్పే పద్ధతి ఇది. ఓటీటీలో తరవాత ఎప్పుడైనా చూసుకోవచ్చు కదా అంటారు. మేలే, కాదనను. కానీ తలుపు పిడి పట్టుకున్న కాపలావాణ్ణి అరచేతంత తెర మీద చూస్తే, పక్క బల్ల మీద చేప కనబడదు. ఇంకోటి, ముందు వరసలో ఒకడు కనిపెట్టి నవ్వితే, వాడు దేనికి నవ్వాడా అని మిగతావాళ్ళ కళ్ళు అటు తిరిగి, వాళ్ళకీ ఆ తమాషా దొరుకుతుంది. ఒంటరిగా చూసేవాడికి అలా వేలెత్తి చూపించేవాళ్ళు ఎవరూ ఉండరు.

సొసైటీ మిత్రులకి ఒక విన్నపం. 2002లో 'ప్లేటైమ్' కొత్తగా బాగుచేసిన ప్రతిని కాన్ ఉత్సవంలో చూపించారు. తాతి తన చేత్తో కోసిన భాగాలన్నీ అందులో లేవు, ఉన్నది ఇంచుమించు రెండు గంటలే. ఆ ప్రతినే వచ్చే నెల మన హాల్లో వేయండి. వారం తిరగ్గానే మళ్ళీ వేయండి, రెండిటికీ కలిపి ఒకే టికెట్టు పెట్టండి. మొదటి ఆటకి ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళని రెండో ఆటకి వెనక్కి పంపండి, వెనకవాళ్ళని ముందుకి తీసుకురండి. ఆ రెండో ఆట అయ్యాక ఎవరికి ఏం కనిపించిందో మాట్లాడుకుందాం. నేను రెండు ఆటలకీ వస్తాను.